కంప్యూటరులో కనబడని పరిచారకులు

ఇంటిలో ఆటలకై కొన్న కంప్యూటరును తెరచి, ఏ ఆటయు మొదలుపెట్టక మునుపే, అందులోని టాస్క్ మేనేజరు పట్టికను ఒకమారు చూడుడు. మనము దానిని ఏమియు చేయుమని అడుగలేదు. అయినను నూరింటికి పైగా పనులు నడచుచుండుట సాధారణముగా కానవచ్చును. ఒకటి ప్రింటరుకు పోవలసిన కాగితములకై కాచుకొని యున్నది. ఒకటి గడియారమును సరిచేయుచున్నది. ఒకటి ఫైళ్లన్నిటికి సూచిక తయారుచేయుచున్నది. మరొకటి క్రొత్త దిద్దుబాట్లు వచ్చినవేమో యని విచారించుచున్నది. తెరపై వీనికి కిటికీ లేదు. వీనితో మనకు సంభాషణ లేదు. ఇట్టి తెరవెనుక పనివాండ్రనే సర్వీసులు అందురు.

ఆటలాడు విద్యార్థులలో ఒక నమ్మకము చాలకాలముగా కలదు. అక్కరలేని సర్వీసులను ఆపివేసినచో ఆట వేగముగా నడచునని వారందురు. ఏ ఏ సర్వీసులను ఆపవలెనో తెలుపు జాబితాలు కూడ చేతులు మారుచుండును. ఈ నమ్మకము నిజమా? ఒకప్పుడు పూర్తిగా నిజము. నేడు కొంతవరకే నిజము. అయితే కొన్ని సర్వీసులను ఆపుటకు వేగము కంటె బలమైన కారణము మరియొకటి కలదు. అదేమో తెలియవలెనన్న ఈ పరిచారకులు ఎక్కడ పుట్టిరి, మన ఇంటిలోనికి ఎట్లు ప్రవేశించిరి అను చరిత్రను కొంత పరిశీలింపవలెను.

మాక్స్‌వెల్ భూతము

1867లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక విచిత్రమైన ఊహను తన మిత్రునకు వ్రాసెను. వాయువుతో నిండిన పెట్టె మధ్య ఒక గోడ, ఆ గోడలో ఒక చిన్న తలుపు ఉన్నవనుకొందము. తలుపు వద్ద అతిసూక్ష్మమైన జీవి ఒకటి కూర్చుండి, వేగముగా వచ్చు అణువులను ఒక ప్రక్కకును, మెల్లగా వచ్చువానిని రెండవ ప్రక్కకును పోనిచ్చును. కొంతసేపటికి ఒక భాగము వేడెక్కును, రెండవది చల్లబడును. ఏ శ్రమయు ఖర్చు కాకుండ ఇది జరిగినచో ఉష్ణగతిక శాస్త్రపు రెండవ నియమము తప్పిపోవును. విలియం థామ్సన్ 1874లో ఆ జీవికి భూతమను అర్థముగల ‘డీమన్’ అను పేరు పెట్టెను.

సుమారు 90 సంవత్సరముల తరువాత ఈ పేరు కంప్యూటరు శాస్త్రములోనికి వచ్చినది. అంతకు పూర్వము పెద్ద కంప్యూటర్లు ఒకరి పని ముగిసిన పిదప మరియొకరి పనిని చేపట్టుచుండెడివి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో నాయకత్వమున ఒక బృందము 1961 నవంబరులో క్రొత్త పద్ధతిని ప్రదర్శించినది. యంత్రపు కాలమును చిన్న చిన్న ముక్కలుగా చేసి, పలువురికి వంతులవారీగా పంచుటయే ఆ పద్ధతి. దీనిని కాలవిభజన పద్ధతి అనవచ్చును.

పదిమంది కలిసి వాడుకొను సత్రములో గదులను వాడువారే ఊడ్చుకొందురు. కాని నడవను ఎవరు ఊడ్చెదరు? కంప్యూటరులోను ఇట్టి సమస్యయే వచ్చినది. అందరి ఫైళ్లకు నకళ్లు తీయుట ఏ ఒక్కరి పనియు కాదు; అది యంత్రమే చేసికొనవలసిన పని. 1963లో ప్రారంభమైన ప్రాజెక్ట్ మాక్ బృందమువారు ఐ.బి.ఎం. 7094 యంత్రముపై, ఫైళ్లను తమంతట తాము టేపులపైకి నకలు తీయు ప్రోగ్రామును ఏర్పరచిరి. అది ఎవరి కంటను పడక, అలసట లేక పనిచేయుచుండెను. మాక్స్‌వెల్ ఊహను తలచుకొని వారు అట్టి ప్రోగ్రాములకు డీమన్ అని పేరిడిరి. యూనిక్స్ జాతి ఆపరేటింగ్ సిస్టములలో నేటికిని అదే పేరు వాడుకలో నున్నది. విండోస్‌లో వానినే సర్వీసులు అనుచున్నారు.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. మాక్స్‌వెల్ భూతము ఖర్చు లేకుండ పనిచేయునను భావము నిలువలేదు. సమాచారమును చెరిపివేయుటకు కనీసము కొంత శక్తి వ్యయము కాక తప్పదని 1961లో రాల్ఫ్ లాండౌవర్ చూపెను. తాను చూచిన అణువుల వివరములను భూతము జ్ఞాపకముంచుకొని, పిదప ఆ జ్ఞాపకమును చెరపవలెను గనుక, అక్కడ మూల్యము చెల్లించక తప్పదని 1982లో చార్లెస్ బెన్నెట్ వివరించెను. మన కంప్యూటరు డీమన్ల కథయు ఇట్టిదే. అవి ఉచితముగా పనిచేయుచున్నట్లు కనబడును. కాని వానికి మెమరీ కావలెను, ప్రాసెసరు కాలము కావలెను. పైగా అవి తలుపు వద్ద కూర్చుండునవి.

640 కిలోబైట్ల ఇరుకు

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడినది. అందలి 8088 ప్రాసెసరుకు మెమరీ చిరునామాలను తెలుపు తీగలు 20 మాత్రమే. ఒక్కొక్క తీగపై రెండు స్థితులు సాధ్యము గనుక మొత్తము చిరునామాలు 2ను 20 మారులు గుణించినంత, అనగా 10,48,576. ఇదియే ఒక మెగాబైటు, లేక 1024 కిలోబైట్లు. ఇందులో 384 కిలోబైట్లు తెరకును, యంత్రపు సొంత అవసరములకును కేటాయింపగా, ప్రోగ్రాములకు మిగిలినది 640 కిలోబైట్లు.

ఈ యంత్రపు ఆపరేటింగ్ సిస్టమగు డాస్ ఒక కాలమున ఒక్క ప్రోగ్రామునే నడుపును. అయినను జనులకు తెరవెనుక పరిచారకులు కావలసి వచ్చిరి. పని ముగించి తప్పుకొన్నట్లే తప్పుకొని, మెమరీలో ఒక మూల దాగియుండి, ఒక మీట నొక్కగానే లేచి వచ్చు ప్రోగ్రాములను కొందరు నేర్పుతో వ్రాసిరి. 1984లో బోర్లాండ్ సంస్థ విడుదల చేసిన సైడ్‌కిక్ అట్టిది. ఏ పనిలో ఉన్నను మీట నొక్కినచో నోటుపుస్తకము, లెక్కల యంత్రము, క్యాలెండరు తెరపైకి వచ్చెడివి. అటుపిమ్మట మౌసుకు ఒకటి, సీడీ పళ్లెమునకు ఒకటి, ధ్వని పలకకు ఒకటి, నెట్‌వర్కుకు ఒకటి చొప్పున సహాయక ప్రోగ్రాములు పెరిగినవి.

ఇవి అన్నియు ఆ 640 కిలోబైట్లలోనే కాపురముండవలెను. ఒక ఆటకు 600 కిలోబైట్లు ఖాళీ కావలెననుకొందము. అప్పుడు డాస్‌కును, పరిచారకులకును కలిపి మిగులునది 40 కిలోబైట్లే. ఒక్కటి ఎక్కువైనను ఆట మెల్లగా నడచుట కాదు, అసలు మొదలే కాదు. కావున ఆటగాండ్రు యంత్రము మేలుకొనునప్పుడు చదువు రెండు ఫైళ్లను చేతితో దిద్ది, అక్కరలేని పరిచారకుల పేర్లను కొట్టివేయుచుండిరి. కొన్ని ఆటలకు ప్రత్యేకముగా ఒక ఫ్లాపీ పళ్లెమునే సిద్ధపరచుకొని, దానితో యంత్రమును మేల్కొలుపుచుండిరి. 1992లో వచ్చిన అల్టిమా 7 అను ఆట తన సొంత మెమరీ పద్ధతిని వాడుకొనుటచే, డాస్‌తో వచ్చిన మెమరీ నిర్వాహక ప్రోగ్రాము నడచుచున్నచో పనిచేయకుండెను. 1991 నాటి డాస్ 5.0 కొందరు పరిచారకులను 640 కిలోబైట్లకు పైనున్న సందులలోనికి తరలించు వీలు కల్పించినది. 1993 నాటి డాస్ 6.0 ఆ తరలింపును స్వయముగా లెక్కించి చేయు సాధనమును చేర్చినది.

ఆటల కంప్యూటరులో అక్కరలేని పనివాండ్రను ఆపు అలవాటు ఈ ఇరుకులో పుట్టినది. అది ఆ కాలమున మూఢనమ్మకము కాదు. కూడికలు తీసివేతలు తెలిసిన ఎవ్వరైనను సరిచూడగల సత్యము.

కార్యాలయము ఇంటిలోనికి వచ్చుట

1993 జూలైలో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎన్.టి. అను క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును వెలువరించెను. డేవిడ్ కట్లర్ నాయకత్వమున తయారైన ఇది కార్యాలయములకును, నెట్‌వర్కులకును ఉద్దేశింపబడినది. తెరవెనుక సేవలను మొదలుపెట్టుటకు, ఆపుటకు, ఒకదానిపై ఒకటి ఆధారపడిన క్రమమును పాటించుటకు ఇందులో ఒక ప్రత్యేక నిర్వాహకుడు ఉండెను. గృహములలో మాత్రము డాస్ పునాదిపై కట్టిన విండోస్ 95, విండోస్ 98 వంటివి సాగుచుండెను.

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్.పి.తో ఈ రెండు పాయలును ఏకమైనవి. ఎన్.టి. వంశమునకు చెందిన దృఢమైన సిస్టము ఇంటిలోనికి వచ్చినది. దానితోపాటు కార్యాలయపు నౌకర్లు కూడ వచ్చిరి. ఉదాహరణకు మెసెంజరు అను సర్వీసు, ఒక సంస్థలోని నిర్వాహకుడు అన్ని యంత్రముల తెరలపైకి ‘సర్వరు ఆగిపోనున్నది’ వంటి హెచ్చరికలు పంపుటకు ఏర్పడినది. ఒకే కంప్యూటరుగల ఇంటిలో దానికి పని యేమి? అయినను అది యంత్రముతోపాటే లేచి కాచుకొని యుండెడిది.

ఆ కాలమున మెమరీ కొరత కూడ నిజమే. ఎక్స్.పి.కి కనీసము 64 మెగాబైట్లు కావలెననియు, 128 ఉన్న మంచిదనియు మైక్రోసాఫ్ట్ తెలిపినది. మెమరీ నిండినచో సిస్టము కొంత భాగమును హార్డ్ డిస్కుపైకి నెట్టి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకొనును. దీనివలన ఆటకు కలుగు నష్టమును విద్యార్థులు స్వయముగా లెక్కకట్టవచ్చును. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగును. ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పట్టును. కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా 4.17 మిల్లీసెకన్లు ఆగవలెను. సూది అడ్డముగా కదలు కాలమును చేర్చినచో మొత్తము 10 మిల్లీసెకన్లు దాటును. సెకనుకు 60 చిత్రములు చూపు ఆటలో ఒక్కొక్క చిత్రమునకు దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకన్లే. ఒక్కమారు డిస్కుకై ఆగినచో ఆ వ్యవధిలో సగమునకు మించి పోయినది. రెండుమారులు ఆగినచో చిత్రమే తప్పిపోయినది. కన్ను దానిని కుదుపుగా గుర్తించును. కావున ఆనాటి ఆటగాండ్రు సర్వీసుల జాబితాలు చేతబట్టుకొని ఒక్కొక్క మెగాబైటును మిగుల్చుకొనుటలో అర్థము లేకపోలేదు.

తెరచియున్న తలుపులు

వేగము సంగతి యట్లుండగా, మరియొక మూల్యము బయటపడినది. నెట్‌వర్కు సర్వీసులు బయటినుండి వచ్చు కబురులకై పోర్టులు అను సంఖ్యలుగల తలుపుల వద్ద కాచుకొని యుండును. తలుపు వద్ద భూతము తెలివిగలదైన చిక్కు లేదు. దాని కట్టుబాటులో ఒక్క లోపమున్నను ఊరివారెవరైనను లోనికి రావచ్చును.

దీనిని లోకము మొదట 1988 నవంబరు 2న చూచినది. ఆనాడు ఇంటర్నెట్‌లో వదలబడిన ఒక ప్రోగ్రాము తన నకళ్లను తానే చేసికొనుచు యంత్రమునుండి యంత్రమునకు ప్రాకినది. ఎవరెవరు పనిలో ఉన్నారో తెలుపు ఫింగర్ అను డీమన్‌లోని లోపము అది చొరబడిన త్రోవలలో ఒకటి. చేటు చేసినది ముఖ్యమైన సేవ కాదు, కేవలము సౌకర్యమునకై తెరచియుంచిన చిన్న కిటికీ.

2003 జనవరి 25న స్లామర్ అను మరియొక పురుగు వెలువడెను. దాని పరిమాణము 376 బైట్లు మాత్రమే. ఈ పేరాలోని అక్షరములు సైతము అంతకంటె ఎక్కువ చోటు పట్టును. మొదటి దశలో అది ప్రతి 8.5 సెకన్లకు రెట్టింపగుచు, పది నిమిషములలో లోపమున్న యంత్రములలో నూటికి తొంబది వంతులను చేరినదని పరిశోధకులు నిర్ణయించిరి. అది ఒక డేటాబేసు సర్వీసులోని లోపమును వాడుకొన్నది. విచారకరమైన విషయమేమనగా, ఆ సర్వీసు యొక్క చిన్న రూపము ఇతర ప్రోగ్రాములతో కలిసి స్థాపింపబడుటచే, అది తమ యంత్రములో ఉన్నదని పలువురు యజమానులకే తెలియదు. తెలియని నౌకరును ఎవరు సెలవు పంపగలరు?

మెసెంజరు సర్వీసును 2002 నాటికి ప్రకటనకర్తలు కనుగొని, అపరిచితుల తెరలపై వ్యాపార ప్రకటనలు చూపసాగిరి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు ఆర్.పి.సి. అను సర్వీసు ద్వారా చొరబడి లక్షలాది యంత్రములను బాధించెను. అయితే ఆర్.పి.సి.ని ఆపివేయుదమన్న వీలు లేదు. ఇతర సర్వీసులు అనేకము దానిపై ఆధారపడినవి. అక్కడ మందు దిద్దుబాటును వేసికొనుటయు, వీధి తలుపు మూయు ఫైర్‌వాల్‌ను నిలుపుటయు మాత్రమే. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్.పి. రెండవ సర్వీసు ప్యాకు ఫైర్‌వాల్‌ను తనంతట తానే నిలిపి, మెసెంజరును ఆపివేసినది. ఆటగాండ్రు జాబితాలలో వ్రాసికొన్న దానిని తయారీదారులే ఆచరణలో పెట్టిరన్నమాట.

మారిన పరిస్థితులు

ఇప్పుడు వేగము మాటకు తిరిగి వత్తము. నిద్రించు సర్వీసు ప్రాసెసరు కాలమును తినదు. ఏదేని కబురు వచ్చువరకు సిస్టము దానిని వంతుల వరుసలోనే చేర్చదు. అది పట్టుకొనునది కొద్దిపాటి మెమరీయే. 2009లో వచ్చిన విండోస్ 7, కొన్ని సర్వీసులు అవసరము కలిగినప్పుడే లేచి, ముగియగానే ఆగు పద్ధతిని ప్రవేశపెట్టెను. యూనిక్స్‌లో ఇట్టి ఆలోచన 1986 నాటికే ఉన్నది. అచ్చట ఒక ద్వారపాలకుడు పలు తలుపులను తానే కాచి, కబురు వచ్చినప్పుడు తగిన పనివానిని లేపెడివాడు.

మెమరీ కొరత తీరుటకు ఒక నిదర్శనము కలదు. పూర్వము మెమరీని పొదుపు చేయుటకై విండోస్ పలు సర్వీసులను ఒకే ప్రక్రియలో గుంపుగా కూర్చెడిది. 2017లో వచ్చిన విండోస్ 10 రూపము, 3.5 గిగాబైట్లకు మించి మెమరీగల యంత్రములలో వానిని విడదీసినది. ఒకటి చెడినను ప్రక్కవి చెడకుండుటకును, ఏది ఎంత తినుచున్నదో స్పష్టముగా కనబడుటకును ఈ ఏర్పాటు. టాస్క్ మేనేజరులో పట్టిక పొడుగగుటకు ఇది ఒక కారణము. పేర్లు పెరిగినంత మాత్రమున భారము అంతగా పెరిగినదని భ్రమపడరాదు. నేటి ప్రాసెసర్లలో అనేక కోర్లుండుటచే తెరవెనుక పని తరచు ఆటకు అడ్డురాని కోరుపై జరుగును. చక్రము తిరుగని ఘనస్థితి డిస్కులలో అరచుట్టు ఆగవలసిన పనియే లేదు.

కాబట్టి ప్రింటరు సర్వీసును ఆపినంతనే ఆటలో చిత్రముల సంఖ్య చెప్పుకోదగినంత పెరుగదు. ఆటను నిజముగా అడ్డగించునవి నిద్రించునవి కావు, పనిచేయుచున్నవి: అదే సమయమున జరుగు పెద్ద డౌన్‌లోడులు, ఫైళ్ల తనిఖీలు, తెరను చిత్రీకరించు ప్రోగ్రాములు, యంత్రముతోపాటు లేచు ఆటల దుకాణపు ప్రోగ్రాములు. వీనిలో చాలవరకు సర్వీసుల పట్టికలో కాక, స్టార్టప్ పట్టికలో ఉండును.

రెండు పాఠములు

2017 మే 12న వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము నూటయేబదికి పైగా దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములలోని ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు సొమ్ము అడిగెను. ఇంగ్లండులోని ఆసుపత్రులలో రోగుల చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ దీని వాత బడినవి. అది చొచ్చిన ద్వారము, ఫైళ్లు పంచుకొను సేవలో అప్పటికే కాలము చెల్లిన మొదటి రూపము. ఆ లోపమునకు దిద్దుబాటు అంతకు రెండు మాసముల ముందే, మార్చి 14న, విడుదలై యున్నది. అనగా అక్కరలేని పాత సేవను మూసియుంచినవారు తప్పించుకొనిరి; దిద్దుబాట్లు తెచ్చు సర్వీసును నడువనిచ్చి, వానిని వేసికొన్నవారును తప్పించుకొనిరి. మొదటిదానిని తెరచియుంచి రెండవదానిని వదలిన యంత్రములు చిక్కుకొన్నవి. ఆట మధ్యలో అడ్డు వచ్చుచున్నదని కొందరు ఆటగాండ్రు మొట్టమొదట ఆపునది ఆ రెండవదానినే యగుట శోచనీయము.

2021 జూలైలో ప్రింట్ స్పూలరు సర్వీసులో తీవ్రమైన లోపము బయటపడినప్పుడు, దిద్దుబాటు చేతికి వచ్చువరకు ఆ సర్వీసును ఆపివేయుట ఒక మార్గమని మైక్రోసాఫ్టే సూచించినది. ప్రింటరులేని ఇంటిలో దానిని ఆపుటవలన ఆటకు వేగము రాకపోయినను ఒక తలుపు మూతబడును. ఆపుటకు సరియైన కారణము ఇదియే. ప్రతి ప్రోగ్రామునకు దాని పనికి కావలసినంత అధికారము మాత్రమే ఉండవలెనని జెరోం సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనువారు 1975లోనే ఒక సూత్రముగా వ్రాసియుండిరి.

ఉపాధ్యాయులు దీనిని ఒక చక్కని ప్రయోగముగా చేయింపవచ్చును. ఒక ఆటలో ఒకే దృశ్యమును మూడుమారులు నడిపి, సెకనుకు వచ్చిన చిత్రముల సంఖ్యను వ్రాసికొనవలెను. పిదప ఒక్క సర్వీసును మాత్రమే మార్చవలెను. మార్చుటకు ముందు, దానిపై ఆధారపడినవి ఏవో పట్టికలో చూచి, దాని పూర్వస్థితిని కాగితముపై గుర్తించుకొనవలెను. మరల మూడుమారులు కొలువవలెను. మూడు కొలతలలో తమలో తమకుగల తేడా కంటె, మార్పువలన వచ్చిన తేడా ఎక్కువైననే అది ఫలితము. కానిచో అది మన కోరిక మాత్రమే. ఒకేసారి ఇరువది సర్వీసులను ఆపి, ధ్వని పోయినదనియు, నెట్‌వర్కు తెగినదనియు బాధపడువాడు, ఏది కారణమో కనుగొను త్రోవను తానే మూసికొన్నవాడగును. దిద్దుబాటు సర్వీసును, ఫైర్‌వాల్‌ను, వైరసు కాపలాను మాత్రము ప్రయోగమునకై కూడ ముట్టరాదు.

పేరు తెలియని పనివాడు ఇంటిలో తిరుగుట మంచిది కాదు. పేరు తెలియదని కావలివానిని వెళ్లగొట్టుటయు మంచిది కాదు. మాక్స్‌వెల్ భూతమునకు కూడ జీతము చెల్లింపక తప్పదని తెలిసికొనుటకు భౌతిక శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది. మన కంప్యూటరులోని పరిచారకులకు ఎంత జీతమిచ్చుచున్నామో, అందుకు బదులుగా వారేమి పని చేయుచున్నారో తెలిసికొనుటకు మనకు ఒక సాయంకాలము చాలును.